కొన్యాక్ శవమంచె, కొయ్య బొమ్మ: మూడో వంతు నమూనా పని డైరీ

మా ఊరి కళాశాలలోని మానవశాస్త్ర విభాగం తమ ప్రదర్శన గది కోసం నాగాలాండ్ మోన్ జిల్లా కొన్యాక్ నాగాల పాతకాలపు అంత్యక్రియల స్థలాన్ని నమూనాగా చేయమని అడిగింది. వెదురు మంచె ఒకటి, దాని పక్కన నిలబెట్టే మృతుని కొయ్య బొమ్మ ఒకటి చేయాలి. నేను డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి విరమించిన వాణ్ణి. వడ్రంగం పాతికేళ్లుగా చేతిలో ఉంది. ఈ డైరీలో పాడైపోయిన పనికే ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే ఇలాంటి నమూనా చేయబోయే మరొకరికి పనికొచ్చేది అదే. చివరిది తప్ప ప్రతి దశ చివర గంటల లెక్క, రూపాయల లెక్క ఇస్తున్నాను.

దశ 1: ఫొటో నుంచి కొలతలు (ఫిబ్రవరి)

మార్లవాయిలో ఉండి గోండుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దొర పేరు ఆదిలాబాద్ వైపు వారికి కొత్త కాదు. ఆయన హైదరాబాద్ రాజ్యానికి రాకముందు 1936, 37 సంవత్సరాలలో కొన్యాక్ కొండల్లోని వాక్‌చింగ్ గ్రామంలో ఉండి, అక్కడి జీవితాన్ని రాసుకున్నారు, ఫొటోలు తీశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కావడంతో ఆయన్ని హైదరాబాద్ రాజ్యపు హద్దుల్లోనే ఉండమన్నారు; మన చెంచులు, కొండరెడ్లు, గోండుల గురించి ఆయన చేసిన పని అలా మొదలైంది. ఆ కాలపు నాగా ఫొటోల ముద్రిత ప్రతులే నాకు ఆధారం. ఫొటోలో కొలబద్ద ఉండదు కనుక తప్పు అక్కడే మొదలైంది.

నా దగ్గరున్న ఒక ప్రింటులో బొమ్మ పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మనిషి ఎత్తు ప్రింటు మీద 41 మి.మీ., బొమ్మ ఎత్తు 27 మి.మీ. మనిషిని 64 అంగుళాలు అనుకొని లెక్క కడితే బొమ్మ 42 అంగుళాలు తేలింది. ఆ లెక్కతో అట్టముక్క మీద గీసి, కత్తిరించి, మంచె చిత్రం పక్కన నిలబెట్టి చూస్తే ఏదో పొసగలేదు: బొమ్మ మరీ పొట్టిగా కనిపించింది. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్న తర్వాత, ఆ మనిషి కెమెరాకు బొమ్మకన్నా ఒక అడుగు ముందు నిలబడ్డాడని అతని పాదాలను బట్టి అర్థమైంది. దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది కనుక నా బొమ్మ కుదించుకుపోయింది. ఈసారి బొమ్మకే ఆనించి ఉన్న దావ్ అనే వెడల్పాటి కత్తిని కొలబద్దగా తీసుకున్నాను. దాని పొడవును 22 అంగుళాలు అనుకుంటే బొమ్మ 48 అంగుళాలకు దగ్గరగా వచ్చింది. అందులో మూడో వంతు 16 అంగుళాలు. మంచె ఎత్తును కూడా అదే పద్ధతిలో తీసి 20 అంగుళాలకు ఖాయం చేశాను.

కొలత తీసేటప్పుడు పాటించవలసినవి:
1. కొలబద్దగా తీసుకునే వస్తువు, కొలవవలసిన వస్తువుకు తాకి ఉండాలి.
2. ఒకే ఫొటోలో కనీసం రెండు వస్తువులతో లెక్క సరిచూసుకోవాలి.
3. కర్ర కొనే ముందు అట్టతో అసలు సైజు నీడలాంటి ఆకారం కత్తిరించి, నిలబెట్టి, పది అడుగుల దూరం నుంచి చూడాలి.

లెక్క: 11 గంటలు, రూ. 340.

దశ 2: కర్ర (మార్చి)

కొండపల్లి బొమ్మల తెల్లపొణికి నాకు అలవాటైన కర్ర. మెత్తగా తెగుతుంది, మోయడానికి తేలిక. ఆ రెండు గుణాలే ఇక్కడ దెబ్బతీశాయి. కొండపల్లిలో చేతులు, కాళ్లు విడిగా చెక్కి చింతగింజల మక్కుతో అతికిస్తారు, పైన రంగు అన్నిటినీ కప్పుతుంది. ఈ బొమ్మ ఒకే దుంగ, కత్తి దెబ్బలు బయటికే కనిపించాలి. తెల్లపొణికి మీద బాడిస దెబ్బ వేస్తే అంచు నిలబడక పొడిలా రాలిపోయింది. పైగా ఫ్యాను గాలికే బొమ్మ ఊగింది. రూ. 900 అక్కడితో పోయాయి.

తర్వాత గుమ్మడి టేకు తెచ్చాను. ఈశాన్య రాష్ట్రాల్లో గమారి అని పిలిచేది ఇదే చెట్టు, అక్కడ విరివిగా వాడే కర్ర కూడా. 24 అంగుళాల పొడవు, 7 అంగుళాల అడ్డుకొలత ఉన్న పచ్చి దుంగ, బరువు 12.6 కి.గ్రా. తొందరపడి డాబా మీద ఎండలో పెట్టాను. తొమ్మిదో రోజుకు బరువు 10.9 కి.గ్రా.కు దిగింది, పదో రోజు ఉదయానికి దుంగ నెర్రె విచ్చింది. బొమ్మకు నుదురు అనుకున్న చోటి నుంచి రొమ్ము దాకా 4 మి.మీ. వెడల్పు చీలిక వచ్చింది. చేవ మధ్యలో మూలుగు ఉన్న గుండ్రటి దుంగ ఎండేటప్పుడు చుట్టుకొలత లోపలికన్నా ఎక్కువ కుంచించుకుంటుంది కనుక ఎక్కడో ఒకచోట చీలక తప్పదు. ఎండ ఆ పనిని నాకు ఇష్టంలేని చోట చేసింది.

వడ్రంగిగా నాకు తోచిన మందు ఒకటే: కొత్త దుంగ చివరలకు మైనం పూసి నీడలో మూడు నెలలు ఆరబెట్టడం. మైనం కూడా కొన్నాను. కానీ ఆ రాత్రి ఆలోచిస్తే ఆ మందే తప్పనిపించింది. చావు చెప్పి రాదు. మంచె పక్కన బొమ్మ నిలబెట్టవలసిన వాళ్లు మూడు నెలలు కర్ర ఆరబెట్టుకొని కూర్చొని ఉండరు. వాళ్లు పచ్చి కర్రే చెక్కి ఉంటారని నా అంచనా, చీలిక వస్తే రానిచ్చి ఉంటారు. ఆరబెట్టడం అనేది ప్రదర్శన గది అవసరం, మృతుని ఇంటివారి అవసరం కాదు. అందుకే రెండో దుంగను పచ్చిగానే చెక్కాలని, చీలిక ఎక్కడ రావాలో మాత్రం నేనే చెప్పాలని నిర్ణయించుకున్నాను.

లెక్క: 22 గంటలు, రూ. 4,280 (తెల్లపొణికి 900, రెండు దుంగలు 3,200, మైనం 180). ఇప్పటికి మొత్తం 33 గంటలు, రూ. 4,620.

దశ 3: చెక్కడం (ఏప్రిల్)

రెండో దుంగను 22 అంగుళాలకు కోశాను: 16 బొమ్మకు, 5 నేలలో పాతే మొదలుకు, 1 తరుగుకు. క్రమం ఇది:

1. వీపు వైపు నిలువునా, పైనుంచి కింది దాకా, మూలుగు తగిలే లోతు వరకు రంపంతో 3 మి.మీ. గాటు. చీలిక బలమంతా ఇక్కడికే రావాలి.
2. మెడ, నడుము దగ్గర చుట్టూ రంపపు గాట్లు. వాటి మధ్య కర్రను బాడిసతో తీసేయడం.
3. చేతులు ఒంటికి అంటుకొని ఉండేలా కేవలం గీత లోతు చూపించడం. విడిగా చెక్కిన చేయి పచ్చికర్రలో నిలబడదు.
4. ముఖం: నుదుటి అంచు, ముక్కు దూలం, గడ్డం, ఈ మూడు తలాలే. కళ్లు, నోరు చివర.
5. పని ఆపిన ప్రతిసారీ తడి గోనె కప్పడం.

ముఖం దగ్గర చేయి కాల్చుకున్నాను. మొదటి రోజు అలవాటు కొద్దీ చెంపలు గుండ్రంగా తీసి, ఆకురాయి పట్టి, గరుకు కాగితంతో నున్నగా చేశాను. దూరం నుంచి చూస్తే సంతలో అమ్మే పెళ్లికొడుకు బొమ్మలా ఉంది. పాత ఫొటోల్లోని బొమ్మల ముఖం చదునుగా ఉంటుంది, ముక్కు నిటారుగా దిగుతుంది, కత్తి వేసిన దెబ్బలు అలాగే మిగిలి ఉంటాయి. ఆ నునుపును చెరపడానికి ముఖమంతా 6 మి.మీ. లోపలికి తీయవలసి వచ్చింది, అందువల్లనే నా బొమ్మ ముఖం పక్కనుంచి చూస్తే కొంచెం పల్చగా ఉంటుంది. ఆ తర్వాత గరుకు కాగితాన్ని గదిలోంచే తీసేశాను. వెడల్పాటి ఉలి ఒక్కటే వాడి, ఒక దెబ్బ వేశాక దాన్ని సరిదిద్దకూడదనే నియమం పెట్టుకున్నాను. నాగాలు దావ్, గొడ్డలి, బాడిసలాంటి కొద్దిపాటి పనిముట్లతోనే మొరుంగుల స్తంభాల మీద పులులను, ధనేశ పక్షులను (హార్న్‌బిల్) చెక్కారు. యువకులు ఉండే ఉమ్మడి ఇల్లు మొరుంగు. అందుబాటులో ఉన్న పదిహేను ఉలులను పక్కన పెట్టడం నాకు నిజంగా కష్టమైంది.

ఆరు రోజుల్లో పూర్తయిన రోజు బొమ్మ బరువు 5.2 కి.గ్రా. నాలుగు వారాలు నీడలో ఉంచాక 3.9 కి.గ్రా. వీపు గాటు 3 మి.మీ. నుంచి 9 మి.మీ.కు తెరుచుకుంది, ముఖం మీద వెంట్రుకవాసి చీలిక కూడా లేదు.

లెక్క: 46 గంటలు, రూ. 750 (బాడిస కామ, సానపట్టడం). మొత్తం 79 గంటలు, రూ. 5,370.

దశ 4: మంచె (మే)

ఇది చేనికాపలా మంచె కాదు. కొన్యాకులు మృతదేహాన్ని ఊరి అంచున వెదురు మంచె మీద ఉంచి, పైన తాటిజాతి ఆకులు కప్పేవారు. మృతుని కత్తి, బల్లెం, ఇతర వస్తువులను అక్కడే పెట్టేవారు. కొన్ని రోజుల తర్వాత తలను వేరుచేసి, శుభ్రం చేసి, రాతి తొట్టెలో భద్రపరిచేవారు. పండుగల నాడు ఆ పుర్రెకు అన్నం, బియ్యపు కల్లు పెట్టేవారు. మనిషి ప్రాణశక్తిలో ఒక భాగం తలలో ఉండి ఊరికి మేలు చేస్తుందనే నమ్మకం దీని వెనక ఉంది.

మేదరుల వీధిలో రెండు అంగుళాల బొంగులు తెచ్చి మొదటి మంచె కట్టాను. మూడో వంతు కొలతలో అవి దూలాల్లా కనిపించాయి. వాటిని విప్పి, వెదురు కొమ్మల్లోంచి 16 మి.మీ. మందం ఉన్నవి ఏరుకొని నిలువు కాళ్లకు వాడాను. కట్టు కట్టడం ఇంకో తంటా. ఎండిన వెదురు నార మలుపు దగ్గర టక్కున తెగిపోయింది, జనపనార వాడితే పందిరి గుంజలా కనిపించింది. చివరికి కుదిరిన పద్ధతి:

1. ఏడాది నిండని పచ్చి వెదురు తీసుకోవాలి.
2. పైచర్మం వైపు నుంచే 1 మి.మీ. మందం, 4 మి.మీ. వెడల్పు నార తీయాలి. లోపలి తెల్లటి భాగం గీకేయాలి.
3. ఒక రోజంతా నీళ్లలో నానబెట్టాలి.
4. తడిగానే మూడు చుట్లు చుట్టి, కొసను చుట్ల కిందికి దూర్చి లాగాలి. ఆరితే అదే బిగుసుకుంటుంది.

కప్పుకు మన తాటాకు వాడాను. కొన్యాక్ ఊళ్లలో ఇళ్ల కప్పులకు వాడే తాటిజాతి చెట్టు ఆకు కూడా విసనకర్రలా విచ్చుకొనేదే కనుక పోలిక బాగానే కుదిరింది, కానీ ఆకు రెబ్బ వెడల్పు ఈ కొలతకు ఎక్కువ. ప్రతి రెబ్బనూ బ్లేడుతో మూడుగా చీల్చాను. పందొమ్మిది గంటల్లో ఏడు గంటలు ఈ చీల్చడానికే పోయాయి.

మంచె మీద ఏమి ఉంచాలి? పుర్రె ఒకటి ప్లాస్టరుతో చేయాలని మొదటి పట్టికలో రాసుకున్నాను. ఆ పంక్తి కొట్టేశాను. ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియం 2020లో మానవ అవశేషాలను ప్రదర్శన నుంచి తీసేసింది. నాగా పెద్దల అవశేషాలను వెనక్కి తెచ్చుకోవడం గురించి నాగా సమాజంలో అప్పటి నుంచి చర్చ నడుస్తోంది. 2024 అక్టోబరులో ఇంగ్లాండులో కొమ్ములు అమర్చిన ఒక నాగా పుర్రెను వేలానికి పెడితే నాగాలాండ్ నుంచి నిరసన రావడంతో దాన్ని ఉపసంహరించుకున్నారు. తాతముత్తాతల తలలు అమ్మకపు వస్తువులైన వారి ముందు నేను ప్లాస్టరుతో ఇంకొకటి పోసి పెట్టడం సబబు కాదు. మంచె ఖాళీగానే ఉంది, ఆకుల కప్పు కింద నీడ మాత్రమే ఉంది. చూడటానికి అదే బాగుంది కూడా.

లెక్క: 19 గంటలు, రూ. 1,130. మొత్తం 98 గంటలు, రూ. 6,500.

దశ 5: రంగు, వెంట్రుకలు, కట్టు (జూన్)

మేక వెంట్రుకలు. బల్లేలకు, తలపాగాలకు నాగాలు ఎర్రరంగు వేసిన మేక వెంట్రుకలు కడతారు. ఆ ఎరుపు మంజిష్ఠ జాతి వేరు నుంచి వచ్చేది. మూలికల కొట్లో మంజిష్ఠ దొరికింది. మొదటి కుండలో తెర్లబెట్టి నలభై నిమిషాలు ఉంచాను, వెంట్రుకలు కాఫీ రంగులో తేలాయి. మంజిష్ఠకు మంట ఎక్కువైతే ఎరుపును గోధుమరంగు మింగేస్తుంది. రెండోసారి కుదిరిన పాళ్లు: 50 గ్రాముల తెల్ల వెంట్రుకలను కుంకుడు రసంలో జిడ్డు పోయేదాకా కడిగి, 10 గ్రాముల పటిక నీళ్లలో ఒక రాత్రి ఉంచి, 100 గ్రాముల మంజిష్ఠ పొడి, చిటికెడు సున్నం కలిపిన నీళ్లలో 60, 65 డిగ్రీల మధ్య రెండు గంటలు. వంటింటి థర్మామీటరు లేకుండా ఈ పనికి దిగవద్దు.

ముఖం మీది గీతలు. కొన్యాకుల్లో ముఖం పచ్చబొట్టు అలంకారం కోసం వేసుకునేది కాదు. శత్రువు తల తెచ్చిన వీరునికి దక్కే గుర్తు, దాని తీరు కూడా ఊరూరికీ మారుతుంది. కనుక నచ్చిన గీతలు గీయకుండా ఒకే ఫొటోలోని బొమ్మకు ఉన్నవే దించాను. దీపపు మసిని ఫెవికాల్‌లో కలిపితే మెరుపు వచ్చింది. తడిగుడ్డతో తుడిచేసి, మసిని చిక్కటి గంజిలో కలిపి వేస్తే పొగచూరిన నలుపు వచ్చింది.

ధనేశ పక్షి ఈక కోసం వెతకవద్దు, అది 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షిత పక్షి. తెల్ల బాతు ఈకకు చివర దగ్గర నల్లటి పట్టీ వేస్తే చాలు. పేము టోపీకి అడవిపంది కోరల బదులు ఎం-సీల్ ముద్దతో కోరలు చేశాను.

ఇక ఈ దశలోని పెద్ద తప్పు. నల్లటి నడికట్టు కుట్టి, దాని మీద మూడు వరుసలుగా 63 చిన్న గవ్వలు పొదిగాను. ప్రతి గవ్వ వీపునూ రాయి మీద అరగదీసి, దబ్బనంతో కుట్టడానికి తొమ్మిది గంటలు పట్టింది. ఎంతో బాగుంది. ఇక్కడ చదువుకుంటున్న మోన్ జిల్లా అమ్మాయి ఒకరు నమూనా చూడటానికి వచ్చి, బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, నడికట్టు దగ్గర ఆగి, మెల్లగా అన్నారు: "సార్, ఇది అంగామీల కట్టు. మాది కాదు."

మూడు వరుసల గవ్వల నల్లకట్టు కొహిమా వైపు ఉండే మరో నాగా తెగ, అంగామీల వీరులది. నాగా అన్న ఒక్క మాట కింద వెతికి, మొదట కనిపించిన మంచి ఫొటో చూసి కుట్టేశాను. కొన్యాక్ మగవారు నడుముకు బిగుతైన పేము పట్టాలు, ముందు చిన్న గుడ్డ మాత్రమే కట్టేవారు. కట్టు విప్పి పెట్టెలో పెట్టాను. పేము బద్దలను నానబెట్టి నాలుగు చుట్ల పట్టా చేయడానికి నాలుగు గంటలే పట్టింది. ఆ అమ్మాయి ఇంకో మాట కూడా చెప్పారు: వాళ్ల ఇంట్లో మూడు తరాలుగా క్రైస్తవులే, తాతగారి సమాధి సిమెంటుది, శిలువ ఉన్నది, ఇలాంటి బొమ్మను ఆమె చూడటం ఇదే మొదటిసారి.

లెక్క: 31 గంటలు (రంగులద్దకం 8, టోపీ 7, వృథా అయిన కట్టు 9, పేము పట్టా 4, మసి 3), రూ. 2,050. మొత్తం 129 గంటలు, రూ. 8,550.

దశ 6: పక్కన పెట్టే పలక (జూలై)

పలక మీది రాతను నాలుగు సార్లు తిరగరాశాను. తప్పులు ఇవి.

మొదటి ప్రతిలో "నాగాలు శవాన్ని మంచె మీద ఉంచుతారు" అని రాశాను. అంగామీలు పాతిపెట్టేవారు, సమాధిపై రాతి అరుగు కట్టి, కొన్ని ఊళ్లలో మృతుని నగలు, ఆయుధాలతో అలంకరించిన కొయ్య బొమ్మను దాని మీద నిలబెట్టేవారు. ఆవోలు దేహాన్ని పొగబెట్టి, తర్వాత మంచెకు చేర్చేవారు. మణిపూర్ ఉఖ్రుల్ కొండల తంగ్‌ఖుల్‌లకైతే కొయ్యతో పనే లేదు: ఆ ఏడాది పోయిన వారిని సాగనంపే పండుగలో మృతుని పోలిన ఒక జీవించి ఉన్న మనిషికి మృతుని బట్టలు తొడిగి, ఇంటివారు అతనికి కడుపారా పెట్టి, చివరి రాత్రి కాగడాలతో ఆత్మలను కొండదారి పట్టించేవారు. పులి పట్టుకుపోయిన వారికి, నీట మునిగిన వారికి, కాన్పులో పోయిన వారికి మామూలు కర్మలు ఉండేవి కావు. ఇంత తేడా ఉన్నవారిని ఒకే వాక్యంలో కట్టడం గవ్వల కట్టు తప్పుకు తమ్ముడే.

రెండో ప్రతిలో "మృతదేహానికి బదులుగా చేసిన బొమ్మ" అని రాశాను. అది మన బుర్రలోంచి వచ్చిన మాట. దేహం దొరకనప్పుడు దర్భలతోనో మోదుగాకులతోనో ప్రతికృతి చేసి దహనం చేయడం మనకు తెలుసు కనుక, బొమ్మ అనగానే బదులు అనుకుంటాం. కొన్యాక్ బొమ్మ దేహం పక్కనే నిలబడేది.

మూడో ప్రతిలో క్రియలన్నీ వర్తమానంలో ఉన్నాయి. 1872లో ఇ. డబ్ల్యు. క్లార్క్ ఆవో కొండల్లో అడుగుపెట్టాక మొదలైన బాప్టిస్టు మతప్రచారం కొన్యాకుల దాకా చేరడానికి దశాబ్దాలు పట్టింది, కానీ చేరాక మంచెలు పోయి సమాధులు వచ్చాయి. 2011 జనాభా లెక్కల్లో నాగాలాండ్‌లో క్రైస్తవులు 88 శాతానికి దగ్గరగా ఉన్నారు. "ఉంచుతారు"లన్నీ "ఉంచేవారు"లు అయ్యాయి.

లెక్క: 8 గంటలు, రూ. 400. మొత్తం 137 గంటలు, రూ. 8,950.

దశ 7: వానలో (ఆగస్టు)

విభాగం వారు బొమ్మకు వార్నిష్ వేసి గాజు పెట్టెలో పెట్టమన్నారు. అసలు బొమ్మలు ఎవరూ మరమ్మతు చేయకుండా ఆరుబయట నిలబడి కూలిపోయినవి కనుక, కనీసం నాలుగు వారాలు వానలో ఉంచి ఇస్తానని చెప్పి, ఇంటి వెనక మట్టిలో మొదలు పాతాను.

వారం 1: బరువు 4.6 కి.గ్రా. (పాతే ముందు 3.9). వీపు గాటు 9 నుంచి 5 మి.మీ.కు మూసుకుంది.
వారం 2: గంజి కలిపిన మసి మీద తెల్లటి బూజు. గంజికి బదులు పల్చటి సర్జరసం (గుగ్గిలం) వాడి ఉంటే ఇది రాదేమో. చేయబోయేవారు ముందు చెక్కముక్క మీద ప్రయత్నించండి.
వారం 3: మేక వెంట్రుకల ఎరుపు ఇటుకరంగుకు దిగింది, కానీ కారలేదు. పటిక పని చేసింది. మంచె కట్లలో ఒకటి కూడా సడలలేదు.
వారం 4: ఎడమ చెంప గీతలు సగం చెరిగాయి. మొదలు దగ్గర, నేలకు ఒక అంగుళం పైన, కర్ర నల్లబడింది, గోరు గుచ్చితే దిగుతోంది.

గీతలు మళ్లీ దిద్దలేదు. మొదలును శుభ్రం చేసి, ఆరబెట్టి, వార్నిష్ లేకుండానే సెప్టెంబరు మొదటి సోమవారం అప్పగించాను.